కాలవ ఆటలో గుర్రపుడెక్క పేరుకుపోతోంది: స్పాన్ చేసిన (ఆట నడుస్తుండగా పుట్టించిన) నోడ్లని సరిగ్గా తీసెయ్యడం ఎలా?

లంకకుర్రోడు (అమలాపురం), రాత్రి 8:12

గోడాట్ 4లో (ఆటలు తయారుచేసే గేమ్ ఇంజిన్) 2డి ఆట అండి. కోనసీమ కాలవలో నాటుపడవ నడపాలి. స్క్రీన్ నిలువుగా 720 × 1280. పైనుంచి గుర్రపుడెక్క దుబ్బులు, కొబ్బరి మట్టలు, ఎదురు పడవలు వస్తుంటాయి. దుబ్బు సీన్‌లో ఏరియా2డి (ఏదైనా తగిలితే కనిపెట్టేది), దాని కింద స్ప్రైట్ (బొమ్మ), కొలిజన్ షేప్ (తగిలే హద్దు), సౌండ్ ప్లేయర్, నీళ్లు చిమ్మే పార్టికల్స్. ఇలా ఒక్కో భాగం ఒక నోడ్, మొత్తం 5 నోడ్లు. టైమర్ 0.4 సెకన్లు. దుబ్బు వేగం సెకనుకి 160 పిక్సెళ్లు.

ఇక్కడ కోడ్ కూడా తెలుగు లిపిలోనే పెడుతున్నా, ఎడిటర్లో మీకు అలవాటైనట్టు కొట్టుకోండి.

ఫంక్ _టైమర్_మోగింది():
  వార్ దుబ్బు = దుబ్బు_సీన్.ఇన్‌స్టాన్షియేట్()
  గెట్_ట్రీ().రూట్.యాడ్_చైల్డ్(దుబ్బు)
  దుబ్బులు.అపెండ్(దుబ్బు)

ఎదురు పడవలు మాత్రం "ప్రవాహం" అనే నోడ్ కింద వేస్తున్నా. లెవెల్ అయిపోతే వాటిని ఇలా తీస్తున్నా:

వైల్ ప్రవాహం.గెట్_చైల్డ్_కౌంట్() > 0:
  ప్రవాహం.గెట్_చైల్డ్(0).క్యూ_ఫ్రీ()

ఇబ్బందులు ఐదు. పది నిమిషాలు ఆడితే ఫోన్ కాలిపోయి ఆట ముక్కలు ముక్కలుగా నడుస్తోంది. ఒక్కోసారి "ఇంతకుముందే ఫ్రీ అయిన ఇన్‌స్టాన్స్" అని ఎర్రర్ వచ్చి ఆగిపోతోంది. ఒక దుబ్బు తగిలితే ఒక ప్రాణం పోవాలి, అప్పుడప్పుడూ రెండు పోతున్నాయి. లెవెల్ మళ్లీ మొదలెడితే పాత దుబ్బులు అలాగే ఉంటున్నాయి. పైన రాసిన వైల్ లూప్ దగ్గరికొస్తే ఆట మొత్తం బిగుసుకుపోతోంది.

రేవుమాస్టారు (రాజోలు), రాత్రి 8:40

ఐదూ వేరువేరుగా కనిపిస్తున్నాయి గానీ మూడింటికి వేరు ఒకటే తమ్ముడూ. క్యూ_ఫ్రీ అంటే "తీసెయ్" అని కాదు, "తీసెయ్యాల్సినవాళ్ల జాబితాలో పేరు రాయి" అని. అసలు తీసెయ్యడం ఆ ఫ్రేమ్ (తెర ఒక్కసారి గీసే చుట్టు) చివర జరుగుద్ది. అప్పటిదాకా నోడ్ చెట్టులోనే (ఆటలోని నోడ్లన్నీ తల్లీపిల్లల్లా అమరి ఉండే సీన్ ట్రీలో) ఉంటాది, లెక్కలోకీ వస్తాది, దాని మీద ఫంక్షన్లు పిలిస్తే పలుకుతాది.

దీన్ని పట్టుకుని ముందు నీ వైల్ లూప్ చూడు. సున్నా నంబరు పడవకి క్యూ_ఫ్రీ అన్నావు. కౌంట్ తగ్గలేదు, ఫ్రేమ్ ఇంకా అవలేదు కదా. మళ్లీ అదే పడవకి అన్నావు. మళ్లీ, మళ్లీ. ఫ్రేమ్ అవ్వాలంటే లూప్ తెగాలి, లూప్ తెగాలంటే ఫ్రేమ్ అవ్వాలి. అందుకే బిగుసుకుపోయింది. ఇలా రాయి:

ఫర్ పడవ ఇన్ ప్రవాహం.గెట్_చిల్డ్రన్():
  పడవ.క్యూ_ఫ్రీ()

గెట్_చిల్డ్రన్ అప్పటికప్పుడు వేరే జాబితా చేసి ఇస్తాది కాబట్టి దాని మీద తిరగడంలో ప్రమాదం లేదు.

లూప్ తెగాలని క్యూ_ఫ్రీ తీసేసి ఫ్రీ పెడదామనుకుంటావేమో, వద్దు. ఫ్రీ అక్కడికక్కడే చంపేస్తాది. ఆ నోడ్ సొంత స్క్రిప్టు ఇంకా నడుస్తుండగానో, దాని సిగ్నల్ (ఏదైనా జరిగినప్పుడు నోడ్ పంపే కబురు) మధ్యలోనో పిలిస్తే గొడవ. పైగా నంబర్లు పెట్టి ముందు నుంచి వెనక్కి తిరుగుతూ ఫ్రీ అంటే 0 పోగానే 1లో ఉన్నది 0లోకి జరుగుద్ది, నువ్వు 1కి వెళ్తావు, ఒకటి విడిచి ఒకటి మిగిలిపోతాయి. చివర్లో లేని నంబరు అడిగి ఎర్రర్ కూడా.

ఇక రెండు ప్రాణాల సంగతి. నీ పడవ బాడీ ఒకటి, తెడ్డుకి వేరే ఏరియా2డి ఉందా?

లంకకుర్రోడు, రాత్రి 8:47

ఉందండి. దుబ్బులో బాడీ_ఎంటర్డ్, ఏరియా_ఎంటర్డ్ రెండూ "తగిలింది" అనే ఒకే ఫంక్షన్‌కి కలిపాను. అందులో ప్రాణం తగ్గించి క్యూ_ఫ్రీ అంటున్నా.

రేవుమాస్టారు, రాత్రి 8:55

అదే మరి. పడవా తెడ్డూ ఒకే ఫ్రేమ్‌లో తగిలితే రెండు సిగ్నళ్లూ వస్తాయి. మొదటిదానికే క్యూ_ఫ్రీ అన్నా, రెండోది వచ్చేసరికి దుబ్బు ఇంకా బతికే ఉంది. ఫంక్షన్ మొదటి వరుసలో ఇది పెట్టు:

ఇఫ్ ఈజ్_క్యూడ్_ఫర్_డిలీషన్(): రిటర్న్

ఇంకోటి. క్యూ_ఫ్రీ తర్వాత అదే ఫంక్షన్‌లో కింద రాసిన వరుసలు కూడా నడుస్తాయి. "నేను పోయాను కదా" అనుకుని ఆగదు. అక్కడితో ఆపాలంటే దాని కిందే రిటర్న్ రాయాలి.

కాకినాడ_కాజా, రాత్రి 9:03

పది నిమిషాల లెక్క వేద్దామండి. 0.4 సెకన్లకి ఒకటి అంటే సెకనుకి రెండున్నర. పది నిమిషాలకి 1500 దుబ్బులు, నోడ్లు 7500. వాటిలో కనపడేవి ఎన్ని? దుబ్బు -100 దగ్గర పుట్టి 1380 దగ్గర పోవాలనుకుందాం. 1480 పిక్సెళ్లు, 160 వేగంతో 9.25 సెకన్లు. అంటే ఏ క్షణంలో చూసినా మహా అయితే 24 దుబ్బులు, 120 నోడ్లు ఉండాలి. మిగతా 7380 నోడ్లు తెర కిందకి పోయి, ఎవరికీ కనపడకుండా, ప్రతి ఫ్రేమ్‌కీ ఇంకా కిందకి జరుగుతూనే ఉన్నాయి. అందుకే ఫోన్ కాలుతోంది.

ఆట నడుస్తుండగా ఎడిటర్లో సీన్ డాక్ పైన "రిమోట్" నొక్కండి. రూట్ కింద దుబ్బులు వరసగా కనిపిస్తాయి. కింద డీబగ్గర్‌లో "మానిటర్స్" ట్యాబ్‌కి వెళ్లి నోడ్ల గీత, ఆర్ఫన్ నోడ్ల (చెట్టులో లేకుండా మెమరీలో మిగిలినవాటి) గీత రెండూ టిక్ పెట్టండి. గీత ఒక ఎత్తుకి వెళ్లి అక్కడే పైకీ కిందకీ ఊగుతుంటే బాగున్నట్టు. మెట్లెక్కినట్టు పోతూనే ఉంటే ఎక్కడో తీయట్లేదన్నమాట. కోడ్ మార్చే ముందు ఒకసారి, మార్చాక ఒకసారి చూడండి. ఇది చూడకుండా ఏం మార్చినా గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

తెర దాటినవి తీయడానికి తేలిక దారి:

ఫంక్ _ఫిజిక్స్_ప్రాసెస్(డెల్టా):
  పొజిషన్.వై += 160 * డెల్టా
  ఇఫ్ పొజిషన్.వై > 1380: క్యూ_ఫ్రీ()

పూతరేకు_81 (ఆత్రేయపురం), రాత్రి 9:20

దానికి విజిబుల్‌ఆన్‌స్క్రీన్‌నోటిఫయర్2డి అనే నోడ్ ఉంది కదండీ, స్క్రీన్_ఎగ్జిటెడ్ సిగ్నల్‌కి క్యూ_ఫ్రీ తగిలిస్తే సరిపోద్ది. గోడాట్ 3లో దీని పేరు విజిబిలిటీనోటిఫయర్2డి.

కాకినాడ_కాజా, రాత్రి 9:34

సరిపోద్ది గానీ దాంట్లో మూడు మెలికలున్నాయండి.

ఒకటి: దాని పెట్టె కొలత మొదట్లో 20 × 20 మాత్రమే, మధ్యలో. మీ ఎదురు పడవ 300 పిక్సెళ్ల పొడవుంటే, ఆ చిన్న పెట్టె తెర దాటగానే పడవ సగం కనపడుతూ ఉండగానే మాయమవుద్ది. ఎడిటర్లో ఆ గులాబీ పెట్టెని లాగి బొమ్మ మొత్తం కప్పేలా చెయ్యాలి.

రెండు: "బయటికి వెళ్లింది" అన్న సిగ్నల్ రావాలంటే ముందు లోపలికి వచ్చి ఉండాలి. తెర పైన పుట్టిన మట్ట గాలికి పక్కకి కొట్టుకుపోయి ఒక్కసారీ తెరలోకి రాలేదనుకోండి, ఎగ్జిటెడ్ ఎప్పటికీ రాదు, అది అలా పోతూనే ఉంటాది. కాబట్టి నోటిఫయర్ పెట్టినా వై విలువ చూసే ఆ ఒక్క వరుసని మాత్రం ఉంచండి. ఎక్స్ -200 కంటే తక్కువైనా, 920 దాటినా కూడా తీసెయ్యమనండి.

మూడు: ఇది నోడ్ గీయబడుతోందా లేదా అన్నదాని మీద ఆధారపడ్డది. చెట్టులోకి చేర్చాక ఒక ఫ్రేమ్ గీసేదాకా దానికే తెలీదు. _రెడీలోనే (నోడ్ మొదటిసారి చెట్టులోకి రాగానే పలికే ఫంక్షన్) ఈజ్_ఆన్_స్క్రీన్ అడిగి "లేదు" అంటోందని తీసేస్తే పుట్టినవన్నీ పుట్టగానే పోతాయి.

కాలవ చివర లాకులాగా ఒక అడ్డ ఏరియా2డి పెట్టి, తగిలినవాటిని తీసే పద్ధతి కూడా వాడతారు. నిదానంగా పోయేవాటికి బాగానే ఉంటాది. సెకనుకి 3000 వేగంతో పోయే నీటిచుక్కలకి మాత్రం కుదరదు. సెకనుకి 60 ఫిజిక్స్ అడుగులంటే ఒక్కో అడుగు 50 పిక్సెళ్లు. మీ లాకు మందం 40 అయితే చుక్క ఒక అడుగులో దానికి పైన, తర్వాతి అడుగులో కింద. మధ్యలో తగిలిందే లేదు.

రేవుమాస్టారు, రాత్రి 9:50

పాత దుబ్బులు మిగలడం గురించి ఎవరూ చెప్పలేదు. అది గెట్_ట్రీ().రూట్.యాడ్_చైల్డ్ వల్ల. రీలోడ్_కరెంట్_సీన్ అన్నప్పుడు తీసేది ఇప్పటి సీన్‌ని, దాని కిందున్నవాటిని. నీ దుబ్బులు సీన్ కింద లేవు, సీన్ పక్కన ఉన్నాయి. ఇల్లు పడగొట్టి కట్టినా పక్కింటి పెరట్లో వేసిన సామాను అక్కడే ఉంటాది. వీటిని కూడా "ప్రవాహం" కిందకే మార్చు, సీన్‌తో పాటే పోతాయి.

అలాగని పడవ కింద మాత్రం వెయ్యకు. ఎదురు పడవ విసిరిన వల ఆ పడవకి చైల్డ్ అయితే, పడవ పోగానే గాల్లో ఉన్న వల కూడా పోద్ది. పైగా పడవ తిరిగినప్పుడల్లా వల కూడా తిరుగుద్ది. ఎవరు పుట్టించినా సరే, విడిగా బతకాల్సిన వస్తువుకి తండ్రి ప్రవాహమే.

ఇంకో మాట. చాలామంది రిమూవ్_చైల్డ్ అని వదిలేసి తీసేశామనుకుంటారు. లాకు దగ్గర గుర్రపుడెక్క లాగి గట్టున పడేసినట్టది. కాలవలో లేదు నిజమే, గట్టు మీద గుట్ట పెరుగుతోంది. మెమరీలో ఉంటాది, తెర మీద కనపడదు, రిమోట్ చెట్టులోనూ కనపడదు, గ్రూపుల్లోనూ దొరకదు. మానిటర్స్‌లో ఆర్ఫన్ గీత పెరిగేది అందుకే. ఇన్‌స్టాన్షియేట్ చేసి, ఏదో షరతు కుదరక యాడ్_చైల్డ్ చెయ్యకుండా వదిలేసినా అదే కథ. నోడ్‌కి రిఫరెన్స్ లెక్క ఉండదు, వేరియబుల్ పోయినంత మాత్రాన నోడ్ పోదు. రిఫ్‌కౌంటెడ్ నుంచి పుట్టిన రిసోర్స్‌లాంటివి వేరు, వాటిని పట్టుకున్నవాళ్లు లేకపోతే అవే పోతాయి.

తాటితాండ్ర, రాత్రి 10:05

అయితే రిమూవ్_చైల్డ్ ఎప్పుడూ వాడకూడదా మాస్టారూ?

రేవుమాస్టారు, రాత్రి 10:11

క్యూ_ఫ్రీతో జంటగా వాడొచ్చు, ఒక సందర్భంలో తప్పదు కూడా. "పడవ" అనే పేరున్న నోడ్‌కి క్యూ_ఫ్రీ అని, అదే ఫ్రేమ్‌లో అదే పేరుతో కొత్తది చేర్చావనుకో. పాతది ఇంకా ఉంది కాబట్టి కొత్తదానికి @ గుర్తులతో ఏదో వింత పేరు పడుద్ది. తర్వాత గెట్_నోడ్("పడవ") అంటే దొరకదు. ముందు రిమూవ్_చైల్డ్(పాత), వెంటనే పాత.క్యూ_ఫ్రీ(), ఆ తర్వాత కొత్తది చేర్చు. పేరు ఖాళీ అయి ఉంటాది.

భీమారం_బుల్లోడు, రాత్రి 10:18

ఆ "ఇంతకుముందే ఫ్రీ అయిన" ఎర్రర్‌కి మందు: వాడే ముందు ఈజ్_ఇన్‌స్టాన్స్_వ్యాలిడ్(దుబ్బు) అని అడగడం. నల్‌తో పోల్చి ఊరుకోవద్దండి. ఫ్రీ అయిన నోడ్ ఉన్న వేరియబుల్ దానంతటది నల్ అవదు, చచ్చిన అడ్రసుని పట్టుకునే ఉంటాది.

అయితే క్యూ_ఫ్రీ అన్న ఫ్రేమ్‌లోనే అడిగితే "వ్యాలిడ్" అనే చెప్తాది. ఇందాక మాస్టారు చెప్పిన జాబితా సంగతే. దగ్గర్లో ఉన్న దుబ్బుని ఎంచుకునే కోడ్ అయితే వ్యాలిడ్ కూడా అడగాలి, ఈజ్_క్యూడ్_ఫర్_డిలీషన్ కూడా అడగాలి.

"దుబ్బులు" అనే అర్రేకి (వరస జాబితాకి) కూడా మరమ్మతు కావాలి. దుబ్బు పుట్టినప్పుడే ఇలా కలిపెయ్యండి:

దుబ్బు.ట్రీ_ఎగ్జైటింగ్.కనెక్ట్(_దుబ్బు_పోతోంది.బైండ్(దుబ్బు))

ఆ ఫంక్షన్‌లో దుబ్బులు.ఎరేజ్(దుబ్బు). క్యూ_ఫ్రీ వాడినంతకాలం ఇది ఫ్రేమ్ చివర జరుగుద్ది కాబట్టి మీ ఫర్ లూప్‌లకి అడ్డం రాదు. ఫ్రీ వాడితే లూప్ మధ్యలోనే ఎరేజ్ జరిగి, మూలకాలు జరిగిపోయి, కొన్ని విడిచిపోతాయి. ఇంకో సంగతి: రిమూవ్_చైల్డ్ చేసినా, వేరే తండ్రి కిందకి మార్చినా కూడా ఈ సిగ్నల్ వస్తాది. చావుకే కాదు, ఇల్లు మారినా వస్తాది.

పూతరేకు_81, రాత్రి 10:26

అసలు అర్రే ఎందుకండీ? గ్రూప్ చాలదా? దుబ్బు సీన్‌లో నోడ్ ట్యాబ్‌కెళ్లి "చెత్త" అని గ్రూప్ పెట్టండి. లెవెల్ అయ్యాక:

గెట్_ట్రీ().కాల్_గ్రూప్("చెత్త", "క్యూ_ఫ్రీ")

మట్టలు, దుబ్బులు, పడవలు ఎక్కడున్నా చెట్టులో ఉంటే చాలు, వేసవిలో కాలవ కట్టేసినట్టు ఒక్క దెబ్బకి ఖాళీ. అర్రే ఉంటే ఎవరో ఒకరు దాన్ని శుభ్రంగా ఉంచాలి, ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ మర్చిపోతారు.

భీమారం_బుల్లోడు, రాత్రి 10:29

పుట్టిన వరస కావాలంటే అర్రే కావాలి. లేకపోతే మీదే రైటు, గ్రూపే మేలు.

లంకకుర్రోడు, రాత్రి 10:58

ప్రవాహం కిందకి మార్చి, వై విలువ వరస పెట్టి, క్యూడ్ తనిఖీ పెట్టాను. నోడ్ల గీత ఊగుతూ నిలబడింది. రెండు ప్రాణాలు పోవడం ఆగింది. అయితే కొత్తది మొదలైంది: దుబ్బు తగలగానే "బుడుంగు"మని సౌండ్ రావాలి, రావట్లేదు. నీళ్లు చిమ్మే పార్టికల్స్ కూడా కనపడట్లేదు. పైగా తగిలినప్పుడు దుబ్బు మూడు ముక్కలవ్వాలని ముక్క సీన్లు చేర్చితే "క్వెరీలు ఫ్లష్ అవుతుండగా ఈ స్థితి మార్చలేం" అని ఎర్రర్.

కాకినాడ_కాజా, రాత్రి 11:15

సౌండ్ ప్లేయర్, పార్టికల్స్ రెండూ దుబ్బు పిల్లలే. తల్లి పోతే పిల్లలూ పోతారు. కాబట్టి దుబ్బుని ముందు చూపుకీ దెబ్బకీ లేకుండా చేసి, సౌండ్ అయ్యాక తీయాలి.

ఫంక్ తగిలింది(_ఎదుటిది):
  ఇఫ్ అయిపోయింది: రిటర్న్
  అయిపోయింది = ట్రూ
  ప్రాణం_తగ్గించు()
  స్ప్రైట్.హైడ్()
  షేప్.సెట్_డిఫర్డ్("డిజేబుల్డ్", ట్రూ)
  పార్టికల్స్.ఎమిటింగ్ = ట్రూ
  సౌండ్.ప్లే()
  అవెయిట్ సౌండ్.ఫినిష్డ్
  క్యూ_ఫ్రీ()

ఇక్కడ ఈజ్_క్యూడ్_ఫర్_డిలీషన్ పనికిరాదు గమనించండి. సౌండ్ మోగినంతసేపూ అది ఇంకా జాబితాలో లేదు కదా. అందుకే "అయిపోయింది" అని మన సొంత జెండా. స్ప్రైట్‌ని మాత్రమే దాచాలి. దుబ్బునే దాచితే పార్టికల్స్ కూడా దాగిపోతాయి. సౌండ్ ఫైల్ లూప్‌లో ఇంపోర్ట్ అయ్యుంటే ఫినిష్డ్ ఎప్పటికీ రాదు, దుబ్బు దయ్యంలా మిగిలిపోతాది. ఇంపోర్ట్ ట్యాబ్‌లో లూప్ తీసెయ్యండి. సౌండ్ కంటే పార్టికల్స్ ఎక్కువసేపుంటే వాటి లైఫ్‌టైమ్‌నే లెక్కలోకి తీసుకోండి.

షేప్‌ని నేరుగా డిజేబుల్ చెయ్యకుండా సెట్_డిఫర్డ్ ఎందుకంటే, మీ రెండో ఎర్రర్ అదే. బాడీ_ఎంటర్డ్ లాంటి సిగ్నళ్లు ఫిజిక్స్ ఇంజిన్ తన లెక్క అప్పజెప్తున్న సమయంలో వస్తాయి. ఆ మధ్యలో కొత్త కొలిజన్ చేర్చడం, ఉన్నది ఆపడం కుదరదు. క్యూ_ఫ్రీ ఎలాగూ తర్వాతే జరుగుద్ది కాబట్టి దానికి బాధ లేదు. ముక్కల్ని ఇలా చేర్చండి:

ముక్క.పొజిషన్ = పొజిషన్
గెట్_పేరెంట్().కాల్_డిఫర్డ్("యాడ్_చైల్డ్", ముక్క)

పొజిషన్ ముందే పెట్టండి. ముక్క ఇంకా చెట్టులో లేదు కాబట్టి గ్లోబల్_పొజిషన్ అడగొద్దు.

తాటితాండ్ర, రాత్రి 11:22

ముక్కలు 2 సెకన్లలో పోవాలంటే గెట్_ట్రీ().క్రియేట్_టైమర్(2.0) పెట్టి అవెయిట్ చేసి క్యూ_ఫ్రీ అంటే చాలుగా?

రేవుమాస్టారు, రాత్రి 11:30

నడుస్తాది, పాజ్ లేని ఆటల్లో. క్రియేట్_టైమర్‌కి రెండో విలువ ఏమీ ఇవ్వకపోతే పాజ్‌లో కూడా తిరుగుతూనే ఉంటాది. ఆటగాడు ఫోన్ కాల్ వచ్చి పాజ్ చేసి తిరిగొచ్చేసరికి ముక్కలన్నీ మాయం. రెండో విలువగా ఫాల్స్ ఇవ్వు. లేదా ముక్క సీన్‌లోనే టైమర్ నోడ్ పెట్టి, వన్_షాట్, ఆటోస్టార్ట్ టిక్ చేసి, టైమ్‌అవుట్‌ని క్యూ_ఫ్రీకి కలిపెయ్. ముక్క ముందే పోతే టైమర్ కూడా దాంతోనే పోద్ది, తర్వాత మేలుకుని "నా మనిషేడీ" అని వెతికేది ఉండదు. గోడాట్ 3లో యీల్డ్ వాడినప్పుడు ఆ గొడవ బాగా ఉండేది.

ముక్కలు మెల్లగా కరిగిపోవాలంటే ట్వీన్ (విలువని కొంతసేపట్లో మెల్లగా మార్చేది). ముక్క మీదే క్రియేట్_ట్వీన్() అను, గెట్_ట్రీ() మీద కాదు. నోడ్ మీద చేసిన ట్వీన్ ఆ నోడ్‌కి కట్టుబడి ఉంటాది, నోడ్ పోతే ఆగిపోద్ది. చివర్లో ట్వీన్.ట్వీన్_కాల్‌బ్యాక్(క్యూ_ఫ్రీ) అని తగిలించు. కాల్‌బ్యాక్‌కి ఇచ్చేటప్పుడు క్యూ_ఫ్రీ పక్కన బ్రాకెట్లు పెట్టకు. పెడితే అప్పుడే పిలిచినట్టు.

మండపేట_మిక్చర్, రాత్రి 11:41

యూనిటీ (ఇంకో గేమ్ ఇంజిన్) వాళ్లం కూడా ఉన్నామండోయ్. ఇక్కడా కథ అదే, పేర్లే వేరు. డిస్ట్రాయ్(వస్తువు) అంటే అప్పటి అప్‌డేట్ చుట్టు అయ్యాక, తెర గీసే ముందు పోద్ది. ట్రాన్స్‌ఫార్మ్.చైల్డ్‌కౌంట్ అదే ఫ్రేమ్‌లో తగ్గదు, కాబట్టి ఆ వైల్ లూప్ ఇక్కడ రాసినా బిగుసుకుంటాది. దానికి మందని డిస్ట్రాయ్‌ఇమ్మీడియెట్ వాడకండి, అది ఎడిటర్ టూల్స్ రాసేవాళ్లకి.

మాకున్న ప్రత్యేక గోతులు ఇవి. డిస్ట్రాయ్(దిస్) అంటే ఆ స్క్రిప్టు ఒక్కటే ఊడిపోద్ది, పడవ అలాగే తేలుతూ ఉంటాది. డిస్ట్రాయ్(గేమ్‌ఆబ్జెక్ట్) అనాలి. ట్రిగ్గర్‌లో వచ్చే అదర్.గేమ్‌ఆబ్జెక్ట్ అనేది ఆ కొలైడర్ ఉన్న పిల్ల వస్తువు. దాన్ని తీస్తే తెడ్డు పోయి పడవ మిగులుద్ది. అదర్.అటాచ్డ్‌రిజిడ్‌బాడీ.గేమ్‌ఆబ్జెక్ట్ తీయాలి, రిజిడ్‌బాడీ ఉందో లేదో చూసుకుని. స్పాన్ చేసిన ప్రతి బదులు ప్రీఫాబ్‌నే (ప్రతులు తీసే అచ్చునే) డిస్ట్రాయ్‌కి ఇస్తే "డేటా పోకుండా ఆస్తుల్ని తీయనివ్వం" అన్న అర్థంలో ఎర్రర్ వస్తాది. ఇన్‌స్టాన్షియేట్ తిరిగిచ్చిన వేరియబుల్‌ని దాచుకోవాలి.

డిస్ట్రాయ్ అయినదాన్ని నల్‌తో == పెట్టి పోలిస్తే యూనిటీ "అవును, నల్" అంటాది. అది పైపై వేషం. సి షార్ప్‌లోని ప్రశ్నగుర్తు-చుక్క, జంట ప్రశ్నగుర్తులు ఆ వేషాన్ని పట్టించుకోవు, నేరుగా లోపలికి వెళ్లి ఎక్సెప్షన్ తెస్తాయి. యూనిటీ వస్తువుల మీద ఆ రెండూ మానుకోండి.

రెండరర్.మెటీరియల్ అని ఒక్కసారి ముట్టుకున్నా ఆ దుబ్బుకి సొంత మెటీరియల్ ప్రతి పుడుద్ది. దుబ్బు పోయినా అది పోదు. ఆన్‌డిస్ట్రాయ్‌లో మనమే తీయాలి. స్టాటిక్ ఈవెంట్లకి చందా కట్టి ఉంటే అక్కడే విడిపించుకోవాలి, లేకపోతే ఆ ఈవెంట్ చచ్చిన స్క్రిప్టుని పట్టుకుని వదలదు.

రోబ్లాక్స్_రాజు, రాత్రి 11:52

అన్నలూ, నాది రోబ్లాక్స్. చెట్టు మీంచి కొబ్బరికాయలు పడతాయి. కాయ.పేరెంట్ = నిల్ అని తీస్తున్నా, సర్వర్ మెమరీ పెరుగుతోంది. ఎందుకు?

మండపేట_మిక్చర్, అర్ధరాత్రి 12:01

మాస్టారు చెప్పిన గట్టు మీది గుట్టే తమ్ముడూ. పేరెంట్ నిల్ చేస్తే కనపడదంతే, దానికి కలిపిన టచ్డ్ కనెక్షన్లు అలాగే ఉంటాయి. కాయ:డిస్ట్రాయ్() అను. అది పేరెంట్‌ని నిల్ చేసి తాళం వేస్తాది, కనెక్షన్లు తెంపేస్తాది, పిల్లల్నీ అలాగే తీస్తాది. ఆ తర్వాత మళ్లీ పేరెంట్ పెట్టబోతే "లాక్ అయింది" అని ఎర్రర్ వస్తాది, అంటే తీసేసినదాన్నే మళ్లీ వాడుతున్నావన్నమాట. "కాయలు" టేబుల్‌లో పెట్టుకుని ఉంటే అక్కడ కూడా నిల్ చెయ్, టేబుల్ పట్టుకున్నంతకాలం మెమరీ వదలదు.

ఆరు సెకన్ల తర్వాత పోవాలంటే డెబ్రీ సర్వీస్ ఉంది, డెబ్రీ:యాడ్‌ఐటమ్(కాయ, 6). సమయం ఇవ్వకపోతే 10 సెకన్లు. స్క్రిప్టుని ఆపకుండా పని అవుద్ది. నేల కిందకి జారిపోయినవాటిని వర్క్‌స్పేస్‌లోని ఫాలెన్‌పార్ట్స్‌డిస్ట్రాయ్‌హైట్ తీస్తాది, మొదట్లో అది -500. కాయ నీళ్లలో తేలుతుంటే అక్కడిదాకా పోదు, కాబట్టి దాన్ని నమ్ముకోకు. లోకల్ స్క్రిప్టులో పుట్టించిన కాయ సర్వర్‌కి తెలియదు. దాన్ని అక్కడే తీయాలి.

పూతరేకు_81, ఉదయం 7:10

దుబ్బులకి పూల్ పెడితే ఈ గొడవంతా ఉండదు కదండీ? 30 దుబ్బులు ముందే చేసి, పోయినదాన్ని దాచి, మళ్లీ పైకి తెచ్చి వదలడం.

కాకినాడ_కాజా, ఉదయం 7:32

గొడవ పోదండి, చోటు మారుద్ది. ఈ ఆటకైతే వద్దంటాను. సెకనుకి రెండున్నర పుట్టడం, రెండున్నర పోవడం ఏ ఫోన్‌కీ లెక్కలోది కాదు. జీడీస్క్రిప్టులో యూనిటీ సి షార్ప్‌లాగా చెత్త ఏరేవాడు (గార్బేజ్ కలెక్టర్) వచ్చి ఆటని ఒక్క క్షణం ఆపడం కూడా లేదు. యూనిటీలో పూల్‌కి అర్థం ఉంది, 2021 నుంచి ఆబ్జెక్ట్‌పూల్ అని వాళ్లే ఇస్తున్నారు కూడా.

గోడాట్‌లో పూల్ పెడితే తిరిగి వదిలే ప్రతిసారీ మీరే సరిచెయ్యాల్సినవి చూడండి: "అయిపోయింది" జెండా ఫాల్స్, స్ప్రైట్ చూపించడం, షేప్ మళ్లీ ఎనేబుల్, వేగం, రంగు, టైమర్. చెట్టులోంచి తీసి మళ్లీ చేర్చినా _రెడీ రెండోసారి పలకదు, _ఎంటర్_ట్రీ మాత్రమే పలుకుద్ది. _ఎంటర్_ట్రీలో సిగ్నల్ కలిపితే రెండోసారి "ఇప్పటికే కలిపి ఉంది" అని ఎర్రర్. వీటిలో ఒకటి మర్చిపోయినా, తగిలినా ప్రాణం పోని దుబ్బు ఒకటి కాలవలో తిరుగుతుంటాది, అది ఎక్కడిదో తేలదు.

మండపేట_మిక్చర్, ఉదయం 7:45

నేను దీనికి పూర్తిగా ఒప్పుకోను. సెకనుకి వందల్లో చుక్కలు పుట్టే చోట గోడాట్‌లో కూడా పూల్ తేడా చూపిస్తాది, ఒక్కోదానికి సీన్ విప్పడం, షేప్ రిజిస్టర్ చెయ్యడం ఊరికే అవ్వదు. కొలిచి చూసి పెట్టాలంతే.

లంకకుర్రోడు, ఉదయం 8:20

మంచి సమయానికే అన్నారు. చివరి లెవెల్ ధవళేశ్వరం బ్యారేజీ. 175 గేట్లూ ఉండాలని నా కోరిక. ఒక్కో గేటుకి ఒక టైమర్ పెట్టి, ఒక్కోటి 0.4 సెకన్లకి ఒక దుబ్బు వదిలితే?

కాకినాడ_కాజా, ఉదయం 8:41

175 × 2.5, సెకనుకి 437 పైచిలుకు. ఒక్కోటి 9.25 సెకన్లుంటే ఏ క్షణమైనా నాలుగు వేల దుబ్బులు, ఇరవై వేల నోడ్లు. ఎంత శుభ్రంగా తీసినా ఇది నడవదు. ఇక్కడ తీసెయ్యడం కాదు, పుట్టించడం తగ్గించాలి.

టైమర్ ఒక్కటే పెట్టండి, 0.1 సెకను. మోగినప్పుడల్లా తెరలో కనపడే గేట్లలోంచి ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచండి. పుట్టించే ముందే లెక్క చూడండి:

ఇఫ్ గెట్_ట్రీ().గెట్_నోడ్స్_ఇన్_గ్రూప్("చెత్త").సైజ్() >= 100: రిటర్న్

గేటు నుంచి దూకే నురగ, చుక్కలు తగిలేవి కావు కదా. వాటికి నోడ్లే వద్దు. గేటుకి ఒక పార్టికల్స్ నోడ్, లేదా అన్నిటికీ కలిపి ఒక మల్టీమెష్‌ఇన్‌స్టాన్స్2డి (ఒకే బొమ్మని చాలాసార్లు గీసే నోడ్). వాటిని తీసే పనే ఉండదు.

సౌండ్ ప్లేయర్‌ని కూడా దుబ్బులోంచి పీకెయ్యండి. ప్రవాహం కింద నాలుగు ప్లేయర్లు పెట్టి వంతులవారీగా వాడితే చాలు, నూరు దుబ్బులకి నూరు నోడ్లు మిగులుతాయి. అప్పుడు ఆ అవెయిట్ సౌండ్.ఫినిష్డ్ కూడా అక్కర్లేదు, పార్టికల్స్ అయ్యేదాకా ఆగితే చాలు. వన్_షాట్ పెట్టి ఉంటే వాటికీ ఫినిష్డ్ సిగ్నల్ ఉంది, కొత్త 4 వెర్షన్లలో.

లంకకుర్రోడు, సాయంత్రం 6:35

పెట్టానండి. చెత్త గ్రూప్ 100 దగ్గర ఆగుతోంది, లెవెల్ మారినప్పుడు సున్నాకి వస్తోంది. నోడ్ల గీత నిలకడగా ఉంది. ఆర్ఫన్ గీత మాత్రం సున్నా కాదు, లెవెల్ మారిన ప్రతిసారీ 3 పెరుగుతోంది. అవేంటో తెలిసే దారుందా?

రేవుమాస్టారు, సాయంత్రం 6:52

సరిగ్గా మూడంటే ఆ దుబ్బు ముక్కలే అయ్యుంటాయి తమ్ముడూ, ముక్క ఒకే నోడ్ అయితే. లెవెల్ మారే ఫ్రేమ్‌లో దుబ్బు తగిలి ముక్కలు పుట్టాయి, కాల్_డిఫర్డ్ తన వంతు వచ్చేసరికి ప్రవాహం లేదు, చేర్చేవాళ్లు లేక గట్టున మిగిలాయి. ఊహ ఎందుకు, లెవెల్ మారాక ప్రింట్_ఆర్ఫన్_నోడ్స్() అని ఒకసారి పిలువు, పేర్లతో సహా అవుట్‌పుట్‌లో పడతాయి. డీబగ్ బిల్డ్‌లోనే పలుకుద్ది, ఫోన్‌కి రిలీజ్ ఎక్స్‌పోర్ట్ చేసి పిలిస్తే ఏమీ రాదు.

ముక్కలే అయితే, లెవెల్ అయిపోయిందని తెలిసిన క్షణం "తగిలింది" మొదటి వరసలోనే రిటర్న్ అయ్యేలా ఇంకో షరతు చేర్చు. ఇన్‌స్టాన్షియేట్ దానికి కింద ఉండాలి, పైన కాదు.

లంకకుర్రోడు, సాయంత్రం 7:08

ముక్కలేనండి, ఆయ్. ఇన్‌స్టాన్షియేట్ పైన ఉంది. కిందకి దించాను. గీత సున్నా.